తోమాకు దొరికిన ఎనిమిది రోజులు

ఈస్టర్ నాడు తెల్లవారుజామున కోస్తా జిల్లాల్లో క్రైస్తవుల శ్మశానాలన్నీ జనంతో కళకళలాడతాయి. ముందు రోజే ముళ్లకంపలు కొట్టి, కలుపు పీకి, సమాధులకు సున్నం వేసి ఉంచుతారు. చీకటి విడవక ముందే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. అక్షరాలు చెరిగిపోయిన పలకల మీద, తాము ఎన్నడూ చూడని తాతముత్తాతల కోసం పిల్లలు కొవ్వొత్తులు నిలబెడతారు. తూర్పు తెల్లబడే వేళకు పాస్టరు గారు క్రీస్తు లేచాడని ప్రకటిస్తే, నిజంగానే లేచాడని అందరూ ఒక్క గొంతుతో బదులిస్తారు. గోదావరి జిల్లాల్లో దీన్ని సమాధుల పండుగ అని కూడా అంటారు.

చనిపోయినవాళ్ల మధ్య నిలబడి మరణం ఓడిపోయిందని చెప్పడం మామూలు మాట కాదు. ఆ మాట అందరికీ ఒకేలా అందదు కూడా. మొన్నటి చలికాలంలో భర్తను పూడ్చిపెట్టిన ఇల్లాలికి అది ఆసరా కావచ్చు, తట్టుకోలేని బాధా కావచ్చు. హైదరాబాద్‌లో చదువుకుంటూ పండక్కి వచ్చిన కుర్రాడు, చచ్చిన దేహం మళ్లీ ఎలా లేస్తుందని లోలోపల అడుగుతూ ఉండవచ్చు. అమ్మ మాట కాదనలేక వచ్చి గోడ పక్కన నిలబడ్డవాళ్లూ ఉంటారు. వాళ్లు కూడా అందరితోపాటు పెదాలు కదుపుతారు. తమ ప్రశ్నను పైకి అనే చోటు వాళ్లకు దొరకదు. అంటే, విశ్వాసం తగ్గిందని నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. లేదా ఈ చదువులతో చెడిపోయాడని పెద్దలు నిట్టూరుస్తారు.

క్రైస్తవ గ్రంథంలో ఆ ప్రశ్నకు ఉన్నంత చోటు క్రైస్తవ సంఘాల్లో లేకపోవడం పెద్ద లోటు. పునరుత్థాన కథలను నిదానంగా చదివితే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. వెంటనే నమ్మినవాళ్లు అందులో దాదాపు లేరు. ఖాళీ సమాధిలో నారబట్టలు చూసి నమ్మిన ఒక శిష్యుడి గురించి యోహాను సువార్త చెబుతుంది. మిగిలినవాళ్లు భయపడ్డారు, పారిపోయారు, పొరబడ్డారు, వాదించారు.

అసలు లేవడాన్ని చూసినవాళ్లే లేరు. మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ సమాధి తెరుచుకున్న తర్వాతి సంగతులే రాశారు కానీ, లోపల ఆ క్షణాన ఏం జరిగిందో ఒక్కరూ వర్ణించలేదు. ఆ ఖాళీని నింపాలని చూసిన రచన ఒకటుంది. పేతురు సువార్త పేరుతో చలామణి అయిన ఆ పుస్తకంలో కొంత భాగం 1886-87 శీతాకాలంలో ఈజిప్టులోని అఖ్మీమ్ దగ్గర ఒక సన్యాసి సమాధిలో దొరికింది. అందులో సైనికులు కాపలా కాస్తూ ఉండగానే సమాధిలోంచి ముగ్గురు బయటికి వస్తారు. ఇద్దరి తలలు ఆకాశాన్ని అంటుతాయి, మూడో మనిషి తల ఆకాశాన్ని దాటిపోతుంది. వెనకే శిలువ నడిచి వస్తుంది, పైనుంచి వినిపించిన ప్రశ్నకు జవాబు కూడా చెబుతుంది. కళ్లు చెదిరే దృశ్యమే. అయినా ఆదిమ సంఘం దాన్ని బైబిలులోకి తీసుకోలేదు. అద్భుతాన్ని పెంచి చూపే కథను పక్కనపెట్టి, తడబాట్లు నిండిన నాలుగు కథలను దాచుకుంది. ఈ ఎంపికను గౌరవించాలి.

ఆ నాలుగింటిలో మార్కుది అన్నిటికన్నా పాతదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నాలుగో శతాబ్దానికి చెందిన రెండు ప్రాచీన ప్రతుల్లో, అంటే సినాయ్, వాటికన్ ప్రతుల్లో, మార్కు సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతోనే ఆగిపోతుంది. సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వచ్చిన ముగ్గురు స్త్రీలు వణికిపోతూ సమాధి దగ్గర్నుంచి పరుగెత్తారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కడితో సరి. లూకా ప్రకారం ఆ స్త్రీలు వచ్చి చెప్పినా అపొస్తలులు అవి వెర్రిమాటలని కొట్టిపారేశారు. యోహాను కథలో మగ్దలేనే మరియ తన ఎదుట నిలబడ్డవాడు తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచిన తర్వాతే గుర్తుపట్టింది.

ఆడవాళ్ల సాక్ష్యాన్ని ఆనాటి యూదు న్యాయం లెక్కలోకి తీసుకోదని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసిఫస్ రాశాడు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు తత్వవేత్త క్రైస్తవులను ఎద్దేవా చేయడానికి పట్టుకున్నది కూడా ఇదే. ఒక ఆవేశపరురాలు చెప్పిన మాటను నమ్ముకున్నారని ఆయన ఆక్షేపణ. కథ కల్పించాలనుకున్నవాళ్లు అయితే ముందు వరసలో పేతురునో, పేరున్న పెద్దమనిషి అరిమతయి యోసేపునో నిలబెట్టేవారు. నలుగురు రచయితలూ మరియను నిలబెట్టారు. ఇది రుజువు కాదు. కానీ ఆ రాతలో ఏదో నిజాయితీ ఉందని చదివేవాడికి అనిపించక మానదు.

మత్తయి సువార్త చివరి ఘట్టంలో ఒక చిన్న మాట ఉంది. ఎన్నో ప్రసంగాల్లో దాన్ని దాటేస్తుంటారు. గలిలయలో కొండ మీద లేచిన యేసు కనబడినప్పుడు పదకొండుమందీ మొక్కారు. వాళ్లలో కొందరు మాత్రం సందేహించారు. ఎదురుగా ఆయన్ను చూస్తూనే సందేహించారు. సమస్త జనులకూ బోధించమనే పని ఆయన ఆ సందేహించినవాళ్లకు కూడా అప్పగించాడు. నమ్మినవాళ్లు కుడివైపు, నమ్మనివాళ్లు ఎడమవైపు నిలబడండని వేరు చేయలేదు.

ఇక తోమా. ఇతన్ని తెలుగు ప్రసంగాల్లో అవిశ్వాసానికి గుర్తుగా వాడేస్తారు. ఈ మనిషికి చాలా అన్యాయం జరిగింది. బేతనియకు వెళితే రాళ్లతో కొడతారని మిగతా శిష్యులు జంకినప్పుడు, పదండి, ఆయనతోపాటు మనమూ చద్దామన్నవాడు తోమాయే. చివరి రాత్రి యేసు తాను వెళ్లే చోటు గురించి చెబుతుంటే, నువ్వెక్కడికి వెళుతున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుందని అడిగినవాడూ ఇతనే. తెలియనిది తెలిసినట్టు నటించలేని మనిషి. గురువును మేకులతో కొట్టి చంపినవాళ్లు ఊళ్లో తిరుగుతుంటే, ఆయన బతికొచ్చాడన్న కబురును ఇలాంటివాడు ఊరికే మింగుతాడా? గాయాలు చూడాలన్నాడు. వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్నాడు.

ఆ తర్వాత జరిగినదే ఈ కథలో ఆయువుపట్టు. ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజులూ తోమా నమ్మలేదు. అయినా మిగిలిన పదిమంది అతన్ని వెళ్లగొట్టలేదు, అతనూ వాళ్లను వదిలి పోలేదు. చూశామని పదిమంది, చూడందే ఒప్పుకోనని ఒకడు. అందరూ అదే ఇంట్లో, అదే గడియ వేసిన తలుపుల వెనక ఉన్నారు. అదే గిన్నెలో తిన్నారు. ఎనిమిదో రోజున యేసు వచ్చింది ఆ ఇంటికే. వచ్చి గద్దించడం కన్నా ముందు, తోమా అడిగినదాన్నే ఇవ్వజూపాడు. వేలు ఇలా చాచమన్నాడు. తోమా నిజంగా గాయంలో వేలు పెట్టాడని సువార్తలో ఎక్కడా లేదు. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1601-02 ప్రాంతంలో గీసిన ప్రఖ్యాత చిత్రంలో వేలు గాయంలోకి దిగబడి ఉంటుంది. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న ఆ చిత్రమే లోకం మనసులో నాటుకుపోయింది. యోహాను రాసినదాని ప్రకారం మాత్రం, అడిగినది ఇస్తానన్న ఆ పిలుపే తోమాకు చాలింది. యేసును తన ప్రభువని, తన దేవుడని ఒప్పుకున్నాడు. నాలుగు సువార్తల్లోనూ ఏ శిష్యుడి నోటా అంత సూటి ఒప్పుకోలు రాలేదు.

ఆ మనిషే దక్షిణ భారతానికి వచ్చాడని కేరళ క్రైస్తవుల సంప్రదాయం. క్రీ.శ. 52లో కొడుంగల్లూరు దగ్గర దిగాడని, మైలాపూర్ ప్రాంతంలో హతుడయ్యాడని వాళ్లు నమ్ముతారు. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్, శాంథోమ్ బసిలికా ఆ జ్ఞాపకం మీద నిలబడ్డవే. కేరళ సిరియన్ సంఘాల్లో ఈస్టర్ తర్వాతి ఆదివారం తోమాదే. ఆ రోజుల్లో మలయాట్టూరు కొండకు శిలువలు మోసుకుంటూ జనం ఎక్కుతారు. ప్రశ్నించినవాడికి ఒక కొండ, ఒక పండుగ ఇచ్చిన సంప్రదాయం పక్క రాష్ట్రంలోనే ఉండగా, తెలుగు సంఘాలు అతన్ని హెచ్చరికగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం బాధ కలిగిస్తుంది.

చరిత్ర ఏమంటుందని ఆ హైదరాబాద్ కుర్రాడు అడిగితే చెప్పడానికి కొంత ఉంది. యేసు మరణం క్రీ.శ. 30 లేదా 33లో అని పండితుల అంచనా. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 54 ప్రాంతానిది. అంటే పాతికేళ్లు కూడా నిండలేదు. అందులో లేచిన క్రీస్తును చూసినవాళ్ల పట్టీ ఉంది: కేఫా అనే పేతురు, పన్నెండుమంది, ఐదువందల మందికి పైగా సోదరులు, యాకోబు, చివరికి పౌలు. ఆ ఐదువందల మందిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని పౌలు అంటాడు, కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టు. అదే అధ్యాయంలో ఎక్కడా లేని తెగింపుతో, క్రీస్తు లేవకపోతే మా బోధ వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థమని రాసేశాడు. ఏ మత గురువైనా తన నమ్మకానికంతటికీ ఒకే సంఘటనను పూచీగా పెట్టి, అది అబద్ధమైతే నన్ను నమ్మకండని చెప్పడం అరుదు.

పట్టీలోని యాకోబు యేసుకు తమ్ముడు. యేసు బతికుండగా తోబుట్టువులు ఆయన్ను నమ్మలేదని యోహాను సువార్తే చెబుతోంది. ఆ యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, 62లో రాళ్లతో కొట్టించి చంపారని జోసిఫస్ రాశాడు. పౌలు సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రైస్తవులను ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించినవాడు అతను. శిష్యులకు లేచిన యేసు అనుభవం కలిగిందన్నది చరిత్రలో నిలిచే విషయమేనని, ఆ అనుభవానికి కారణమైన వాస్తవం ఏమిటో మాత్రం తనకు తెలియదని ఇ.పి. శాండర్స్ అనే పేరుమోసిన చరిత్రకారుడు 1993లో రాశాడు. దుఃఖంలో కలిగిన దర్శనాలని గెర్డ్ ల్యూడెమాన్ వాదించాడు. ఇజ్రాయెల్‌కు చెందిన యూదు పండితుడు పింఖస్ లపీడె మాత్రం యేసును మెస్సీయగా ఒప్పుకోకుండానే, ఆయన లేవడం నిజంగా జరిగిందని ఒప్పుకున్నాడు. ఒకే ఆధారాలు చదివి ముగ్గురూ మూడు చోట్ల ఆగారు. వాళ్లలో ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు.

యెరూషలేములోని పరిశుద్ధ సమాధి చర్చిలో 2016 అక్టోబరులో సమాధి మీది పాలరాతి పలకను తీశారు. ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం మరమ్మతు పనిలో భాగంగా లోపలి భాగాన్ని అరవై గంటలపాటు తెరిచి ఉంచింది. పలకల కింద సున్నపురాతి పడక కనిపించింది. అక్కడి సున్నాన్ని పరీక్షిస్తే నాలుగో శతాబ్దానిదని, అంటే కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించిన కాలానిదని తేలింది. కట్టడం చరిత్రకు ఇది గొప్ప ఆధారం. పునరుత్థానం గురించి ఆ రాయి ఏమీ చెప్పలేదు, చెప్పజాలదు కూడా. ఖాళీ సమాధిని ఎన్నిసార్లు తెరిచి చూసినా ఖాళీగానే ఉంటుంది. అక్కడి నుంచి మనిషి ముందుకు వేసే అడుగును చరిత్రకారుడు వేయలేడు.  

ఆ అడుగు ఒక్కొక్కరికి ఒక్కో తీరులో పడుతుంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన సుందర్ సింగ్‌ది మెరుపు లాంటి మలుపు. తల్లి పోయిన దుఃఖంలో, పదిహేనేళ్ల వయసులో, 1904 డిసెంబరులో బైబిలును కాల్చేశాడు. మూడు రోజులకు, దేవుడు కనబడకపోతే రైలు కింద తల పెడతానని తెల్లవారుజామున ప్రార్థనకు కూర్చున్నవాడు, క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి లేచాడు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు సి.ఎస్. లూయిస్‌ది ఇందుకు పూర్తిగా భిన్నం. ఏళ్ల తరబడి నాస్తికుడిగా ఉండి, స్నేహితులతో వాదించి వాదించి, ముందు దేవుడున్నాడని మాత్రం ఒప్పుకున్నాడు. 1931 సెప్టెంబరులో అన్న నడుపుతున్న మోటార్ సైకిల్ పక్క తొట్టెలో కూర్చుని విప్స్‌నేడ్ జంతుప్రదర్శనశాలకు బయల్దేరినప్పుడు క్రీస్తు దేవుని కుమారుడని నమ్మలేదట, దిగేసరికి నమ్మాడట. దారిలో ప్రత్యేకంగా ఏమీ ఆలోచించలేదని కూడా ఆయనే చెప్పాడు.

తెలుగు కూడికల్లో సాక్ష్యం చెప్పమంటే అందరూ సుందర్ సింగ్‌లే కావాలి. తాగుడు మానినవాళ్లు, డాక్టర్లు చేతులెత్తేశాక లేచి కూర్చున్నవాళ్లు, కలలో వెలుగు చూసినవాళ్లు మైకు ముందుకు వస్తారు. వాళ్ల మాటను తీసిపారేయనక్కర్లేదు. వాళ్ల జీవితాలు నిజంగానే మారాయి. కానీ పదేళ్లుగా మెల్లగా, ముందుకు రెండడుగులు వెనక్కి ఒకటిగా నడుస్తున్నవాళ్లు ఆ మైకు దగ్గరికి ఎప్పుడూ రారు. వాళ్లకు చెప్పుకోవడానికి కథ లేదని సంఘమే తేల్చేసింది. మదర్ తెరెసా రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు లోకం నివ్వెరపోయింది. కలకత్తా వీధుల్లో చావుబతుకుల మధ్య ఉన్నవాళ్లను ఎత్తుకున్న ఆ తల్లి, దశాబ్దాలపాటు లోపల దేవుని జాడ తెలియక అల్లాడింది. ఆమెను ఏ కూడికలోనైనా సాక్ష్యం చెప్పమని అడిగి ఉంటే ఆ సంగతి చెప్పనిచ్చేవారా?

హృదయం తెరుచుకోవడం గురించి కొత్త నిబంధనలో అందమైన ఘట్టం లూదియది. ఈమె తుయతైర ఊరి మనిషి. ఊదా రంగు బట్టల వ్యాపారం చేస్తూ ఫిలిప్పీ పట్టణంలో ఉండేది. విశ్రాంతి దినాన ఊరి బయట నది ఒడ్డున ఆడవాళ్లు ప్రార్థనకు చేరితే, పౌలు అక్కడ కూర్చుని మాట్లాడాడు. ప్రభువు ఆమె హృదయాన్ని తెరిచాడని లూకా రాశాడు. వెంటనే ఆమె చేసిన పని ఏమిటంటే, పౌలునూ అతని వెంట ఉన్నవాళ్లనూ తన ఇంట్లో దిగమని బలవంతపెట్టడం. ఎమ్మాయు దారిలో ఇది తిరగబడి జరుగుతుంది. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరికి నడుస్తూ, ఇద్దరు శిష్యులు దారిలో కలిసిన కొత్త మనిషిని పొద్దుగూకుతోంది, మా ఇంట్లో ఉండమని పిలిచారు. ఆయన రొట్టె విరిచేదాకా యేసని తెలియలేదు. లూదియకు ముందు మనసు, తర్వాత ఇల్లు. ఎమ్మాయు వాళ్లకు ముందు ఇల్లు, తర్వాత కళ్లు. ఏది ముందు తెరుచుకున్నా రెండోది తెరుచుకోక తప్పలేదు. రెండు చోట్లా బలవంతం ఏదైనా ఉందంటే అది భోజనానికి రమ్మని చేసినదే.

బలవంతంతో మనసు తెరుచుకోదన్న ఈ మాట తెలుగు నేల మీద ఒకసారి గట్టి పరీక్షకు నిలబడింది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. పని చేయించినవాళ్లు మిషన్ బోధకులే. సాయంత్రాలు గడ్డపారలు పక్కన పెట్టి వాళ్లు చెప్పేది కూలీలు వినేవారు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. క్లౌ కుదరదన్నాడు. తిండి కోసం మతం మారారన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ అనుమానం అందరికన్నా ముందు ఆయనకే కలిగింది. కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆపేశాక వచ్చినవాళ్లకు ఇక కూలీ లేదు, గింజలు లేవని చెప్పి పంపేయబోయాడు. వాళ్లు కదల్లేదు. చివరికి 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2222 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3 తోమా పండుగ. ఆ బాప్టిస్టులు పండుగలు పాటించేవాళ్లు కాదు కాబట్టి ఇది ఎవరూ ఏర్పాటు చేసినది కాదు.

ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు దారి చూపిన యెర్రగుంట్ల పేరయ్య అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, క్రైస్తవుడయ్యాడు. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊళ్లు తిరిగిన పేరయ్య అప్పటికే దేవుణ్ని వెతుకుతున్నవాడు, రాజయోగ సాధన చేసినవాడు. ఒక్క ప్రసంగానికి కరిగిపోయిన మనిషి కాదు. మతంలోకి వచ్చిన తర్వాత డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం వెట్టికి రానన్నందుకు ఊరి పెద్దలు పెట్టిన ఇక్కట్లు ఆ తరం చాలానే పడింది. ఎరచూపి మనసు తెరిపించలేమని క్లౌకు తెలుసు. భయపెట్టి మూయించలేమని ఆ మాదిగ పల్లెలు చూపించాయి. మతం మార్చడం గురించి, మార్చకుండా ఆపడం గురించి నేడు రెండు వైపులా గొంతు చించుకునేవాళ్లు వెలంపల్లి సంగతి ఒకసారి చదవాలి. మనస్సాక్షి స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణలో రాసుకున్నది 1950లో. అంతకు డెబ్బై ఏళ్ల ముందే ఆ ఏటి ఒడ్డున దాని విలువ తెలిసినవాళ్లున్నారు.

కానీ ఆ వారసత్వం చెప్పుకునే సంఘాలు తమ లోపలి తలుపుల గురించి కూడా మాట్లాడాలి. చేతిలో లాంతరు పట్టుకుని తలుపు తడుతున్న క్రీస్తు బొమ్మ ఎన్నో ఇళ్లలో కేలెండర్ల మీద కనిపిస్తుంది. దానికి పేరు తెచ్చినది ఇంగ్లిషు చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ 1850లలో గీసిన చిత్రం. ఆక్స్‌ఫర్డ్‌లోని కీబుల్ కళాశాలలో ఉంది. తలుపుకు బయటివైపు పిడి ఉండదు, లోపలివాళ్లే తీయాలి. ఈ బొమ్మ చూపించి నమ్మనివాళ్లను హృదయం తెరవమని పిలవడం వాడుక. అయితే ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ఆ మాట రాసింది నమ్మనివాళ్లకు కాదు. లవొదికయ సంఘానికి. నేటి టర్కీలో ఉన్న ఆ ఊరు సంపన్నమైనది. క్రీ.శ. 60లో భూకంపానికి కూలితే రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతో లేచి నిలబడిందని టాసిటస్ రాశాడు. మాకే కొదవా లేదనుకున్న ఆ సంఘం తలుపు బయట క్రీస్తు నిలబడి తడుతున్నాడు.

తెలుగు సంఘాల తలుపులు ఎవరికి మూసుకుపోయాయో అందరికీ తెలుసు. హిందూ పురాణాల మీద కావ్యాలు రాస్తున్నాడని గుర్రం జాషువాను క్రైస్తవ పెద్దలు వెలివేశారని ఆయన జీవితకథ చెబుతుంది. అంటరానివాడని ఒక వైపు, మనవాడు కాడని మరో వైపు తోసేసిన ఆ కవే తర్వాత క్రీస్తు చరిత్ర రాశాడు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. కులం సంగతి మరీ మొండిది. మాల గుడి, మాదిగ గుడి, రెడ్ల గుడి అనే మాటలు పల్లెల్లో ఇంకా వినిపిస్తాయి. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవం పక్కనే కులం ఉంటుంది. సంఘంలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన విధాన పత్రంలో బాహాటంగా ఒప్పుకుంది. ఆరేళ్లకు, 2022 ఆగస్టులో, కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ పదవికి ఎదిగిన మొదటి మనిషి తెలుగువాడు కావడం సంతోషించాల్సిన విషయం. పల్లెల్లో కులాలను విడదీస్తూ సమాధుల మధ్య లేపిన గోడలు అలాగే ఉంటే మాత్రం ఆ సంతోషం సగమే. ఈస్టర్ నాడు మరణం మీద గెలుపు పాడుకుని, మరణంలో కూడా కులం చూసే సంఘం ఏ పునరుత్థానాన్ని నమ్ముతున్నట్టు? తాను నమ్మినదాన్నే అది కాదంటోంది. ఆ గోడ తోమా అడిగిన ప్రశ్న కన్నా వెయ్యి రెట్లు పెద్ద అవిశ్వాసం.

పాస్టర్లు, ఫాదర్లు, సంఘ పెద్దలు చేయదగ్గ పనులు ఇందులో ఉన్నాయి, ఖర్చు లేనివి కూడా. ఈస్టర్ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక చాప పరిచి కూర్చుని, ఇంకా నమ్మకం కుదరనివాళ్లను మాట్లాడమనవచ్చు. మధ్యలో అందుకుని వచనాలు చదవకుండా వినవచ్చు. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ చడీచప్పుడు లేకుండా సంఘానికి దూరమైన పిల్లలకు, ఎందుకు రావడం లేదని నిలదీయకుండా, ఏం ఆలోచిస్తున్నారని ఫోన్ చేసి అడగవచ్చు. కొత్తగా భర్తనో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లకు పునరుత్థానం గురించి ప్రసంగం చేసే ముందు, మగ్దలేనే మరియను ఏడవనిచ్చినట్టు వాళ్లనూ ఏడవనివ్వాలి. వచ్చే ఈస్టరుకు సున్నం వేసే పని మొదలయ్యేలోపు, శ్మశానం మధ్య గోడ ఉన్న ప్రతి ఊళ్లోనూ సంఘ కమిటీ కూర్చుని, దాన్ని ఎవరు ఎప్పుడు పడగొడతారో పేర్లతో, తేదీతో మినిట్స్ పుస్తకంలో రాయాలి.